బూడిద ఋణము

బూడిదను చూచి తెలుగువాడెన్నడును ముక్కు విరువలేదు. కట్టెల పొయ్యి వెలిగిన కాలమున అది మన ఇండ్లలో అంట్లు తోమెను. విత్తనపు పెసలకును కందులకును పురుగు పట్టకుండ కాపాడెను. పెరటిలోని గుమ్మడిపాదునకు బలమిచ్చెను. తుదకు విభూతియై నొసటిమీదికెక్కెను. అయినను 'బూడిదలో పోసిన పన్నీరు' అను సామెతను కల్పించినవారమును మనమే. ఒకే వస్తువును నొసట దాల్చుటయు, వ్యర్థతకు గురుతుగా చూపుటయు మన పెద్దలకు విరుద్ధముగా తోపలేదు. ఏలయన బూడిదకు తనంతట మంచిచెడ్డలు లేవు. అది ఏ నిప్పునుండి వచ్చినది, ఏ పనికి పోవుచున్నది అను రెండు ప్రశ్నలలోనే దాని విలువ యున్నది.

ఆ రెండు ప్రశ్నలను మరల అడుగవలసిన అవసరము నేడు కలిగినది. మనము ఇండ్లు కట్టుకొను సిమెంటు సంచిలో బూడిద యున్నది. అది వంటపొయ్యి బూడిద కాదు. ధర్మల్ విద్యుత్కేంద్రములలో పిండివలె పొడిచేసిన బొగ్గు మండునపుడు పొగతోపాటు పైకెగయు సన్నని ధూళి. దానిని పొగగొట్టమునకు చేరకముందే విద్యుదావేశము గల పలకలచేత పట్టి నిలుపుదురు. ఫ్లై యాష్ అని మేస్త్రీలు మొదలుకొని ఇంజనీర్లవరకు అందఱు పిలుచునది దీనినే. దీనిని కాంక్రీటునందు కలిపినచో భూమి వేడెక్కుటకు కారణమగు వాయువు కొంత తగ్గునని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. ఆ మాట నిజము. అయితే ఆ నిజముతో ధర్మవిచారణ ముగియునా, లేక అక్కడనే మొదలగునా? ఈ వ్యాసమున మేము విచారింపదలచినది అదియే.

ముందుగా సిమెంటు సంగతి కొంత తెలిసికొనవలెను. 1824లో ఇంగ్లండునందలి లీడ్సు నగరపు తాపీ పనివాడు జోసెఫ్ ఆస్ప్‌డిన్ 'పోర్ట్‌లాండ్ సిమెంటు' పేరున హక్కుపత్రము పొందెను. నేటి సిమెంటు ఆ వంశములోనిదే. సున్నపురాతిని బంకమట్టితో కలిపి సుమారు 1450 డిగ్రీల వేడిలో కాల్చగా క్లింకరు అను గట్టి గుండ్లు ఏర్పడును. వానిని జిప్సముతో కలిపి పొడిచేసినదే సిమెంటు. ఇందొక చిక్కు కలదు. సున్నపురాయి తన గర్భమునందే బొగ్గుపులుసు వాయువును, అనగా కార్బన్ డయాక్సైడును, దాచుకొనియున్నది. రాయి కాలినపుడు అది విడివడి ఆకాశమునకు పోవును. కావున బట్టీలో ఎంత శుద్ధమైన ఇంధనమును వాడినను ఈ వాయువు రాకమానదు. ఒక టన్ను క్లింకరునకు, ఇంధనపు పొగతో కలిపి, సుమారు 850 కిలోల వాయువు వెలువడును. ప్రపంచమునందు మానవుని పనులవలన వెలువడు బొగ్గుపులుసు వాయువులో నూటికి ఏడెనిమిది పాళ్లు ఒక్క సిమెంటునుండియే వచ్చుచున్నవి. మనము తలదాచుకొను నీడయే మన బిడ్డల ఆకాశమును వేడిచేయుచున్నదనుట అతిశయోక్తి కాదు.

ఇక్కడనే బూడిద మనకు తోడ్పడుచున్నది. సిమెంటు నీటితో కలిసి గట్టిపడునపుడు కొంత సున్నము మిగిలిపోవును. బూడిదలోని సిలికా ఆ మిగులు సున్నముతో మెల్లమెల్లగా కలిసి, సిమెంటునందలి జిగురువంటి పదార్థమునే మరికొంత పుట్టించును. కావున క్లింకరులో కొంత భాగమును తీసివేసి బూడిదను చేర్చినను గోడకు బలము తగ్గదు. మన దేశపు ప్రమాణముల ప్రకారము పొజొలానా సిమెంటునందు నూటికి 15 మొదలు 35 పాళ్లవరకు ఈ బూడిద ఉండవచ్చును. అంగడిలో పి.పి.సి. అను అక్షరములతో అమ్మబడు సంచి ఇదియే.

ఈ విద్య క్రొత్తది కాదు. ఇటలీలో నేపుల్సు చెంతనున్న పొజ్జువోలి అను ఊరివద్ద దొరకిన అగ్నిపర్వతపు బూడిదను రోమనులు సున్నముతో కలిపి కట్టడములు కట్టిరి. పొజొలానా అను పేరు ఆ ఊరినుండి వచ్చినదే. రోము నగరమున సుమారు 43 మీటర్ల వెడల్పు గల పాంథియన్ గుమ్మటము, లోపల ఇనుము లేకయే, దాదాపు 1900 సంవత్సరములుగా నిలిచియున్నది. మన పూర్వులకు అగ్నిపర్వతములు లేవు గాని ఇటుక బట్టీలుండెను. ఇటుకలను దంచిన సుర్ఖీని సున్నముతో కలిపి, ఎద్దులు త్రిప్పు గానుగలో నూరి గార చేసిరి. 1895లో ముగిసిన ముల్లపెరియారు ఆనకట్టయు, 1953లో ముగిసిన తుంగభద్ర ఆనకట్టయు ఇట్టి సుర్ఖీ గారతో కట్టబడినవే. బళ్లారి, హోసపేట ప్రాంతపు తెలుగు కుటుంబములవారు ఆ నీటిని ఈనాటికిని వాడుకొనుచున్నారు.

బొగ్గు బూడిదకు ఈ గుణము కలదని 1937లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున రేమండ్ డేవిసును ఆయన సహచరులును ప్రకటించిరి. 1948 మొదలు 1953 వరకు అమెరికాలోని మోంటానాయందు కట్టిన హంగ్రీ హార్సు ఆనకట్టలో దానిని విస్తారముగా వాడిరి. మన దేశమున 1962లో ముగిసిన రిహాండు ఆనకట్టలోను అది చేరినది. ఆనాడు దానిని కలుపుటకు కారణము భూతాపము కాదు. సిమెంటు ఆదా యగుటయు, పెద్ద దిమ్మెలు గట్టిపడునపుడు పుట్టు వేడి తగ్గుటయు. బూడిద కలిపిన కాంక్రీటు నీటిని త్వరగా లోనికి రానీయదు. ఉప్పుగాలికిని, చవుడునేలకును బాగుగా ఓర్చుకొనును. సముద్రతీరమున కాపురమున్న చెన్నపురి, గోపాలపురము, యానాము వాసులకు ఈ గుణము చిన్నది కాదు.

అయితే ఈ గుణములన్నియు ఓపిక గలవానికే దక్కును. బూడిద కలిసిన కాంక్రీటు మొదటి దినములలో కొంత మెత్తగానే యుండును. దాని బలము నెలలు గడచినకొలది పెరుగును. మామూలు సిమెంటు కాంక్రీటును కనీసము 7 దినములు తడుపవలెననియు, బూడిద వంటివి కలిసినచో కనీసము 10 దినములు తడుపవలెననియు 2000 సంవత్సరపు భారతీయ ప్రమాణము చెప్పుచున్నది. మూడవనాడే నీళ్లు మాని, తొందరపడి సెంట్రింగు విప్పించి, పిమ్మట గోడ బీటలువారినచో 'బూడిద సిమెంటు మోసము' అని నిందించు యజమానులు లోకమున కొదువలేదు. ఇందు మోసము చేసినది బూడిద కాదు, తొందర. ఇల్లు కట్టి చూడుమని మన పెద్దలన్నది ఖర్చును గూర్చి మాత్రమే కాదు, ఓర్పును గూర్చియు.

ఇంతవరకు చెప్పినదంతయు బూడిద ఏ పనికి పోవుచున్నదను ప్రశ్నకు సమాధానము. ఇక రెండవ ప్రశ్న: అది ఏ నిప్పునుండి వచ్చినది?

ఒక లెక్క వేసి చూతము. 50 కిలోల సంచిలో 15 కిలోలు బూడిద యున్నదనుకొందము. అంత క్లింకరు తగ్గినందున సుమారు 12 కిలోల బొగ్గుపులుసు వాయువు ఆకాశమునకు పోకుండ ఆగినది. 2000 సంచులు పట్టు ఒక సంఘ భవనమునకు ఇది సుమారు 24 టన్నులు. తృణీకరింపదగిన మేలు కాదు. కాని ఆ 15 కిలోల బూడిద ఎట్లు పుట్టినది? మన దేశపు బొగ్గులో నూటికి 30 మొదలు 45 పాళ్లవరకు బూడిదయే. కావున 15 కిలోల బూడిద రావలెనన్న దాదాపు 40 కిలోల బొగ్గు మండవలెను; అది మండునపుడు వెలువడు వాయువు 50 కిలోలకు తక్కువ కాదు. ఆగినది 12, పోయినది 50. ఈ రెండంకెలను ప్రక్కప్రక్కన నిలిపి చూచినవారు మాత్రమే ఈ విషయమున ధర్మమును గూర్చి మాటలాడుటకు అర్హులు.

ఇందుపై ఇద్దఱు వాదులు మన ముందునకు వచ్చెదరు. మొదటివాడిట్లనును: 'బొగ్గు మండినది కరెంటు కొరకు, బూడిద కొరకు కాదు. మీరు సిమెంటులో కలిపినను కలుపకున్నను ఆ 50 కిలోలు పోయియే తీరును. మిగిలిన బూడిదను గుట్టలు పోయుటకంటె గోడలో పెట్టుట మేలు కాదా?' రెండవవాడిట్లనును: 'పాపపు సొమ్ముతో సత్రము కట్టించినవాడు పుణ్యాత్ముడగునా? బూడిదకు గిరాకి పెరిగినకొలది బొగ్గు మండించుటకు క్రొత్త సమర్థన దొరకును. వ్యర్థమునకు వెల కట్టిన క్షణమున అది వ్యర్థము కాక సరకగును. సరకు పుట్టవలెనని కోరుకొనువారును పుట్టుదురు.'

ఈ ఇద్దఱిలో ఎవ్వరును అబద్ధమాడుటలేదు. మొదటివాడు నేటి సంచిని చూచుచున్నాడు; రెండవవాడు రేపటి అలవాటును చూచుచున్నాడు. మన సంప్రదాయమున ఈ చిక్కును విడదీయుటకు ఒక మాట కలదు: ప్రాయశ్చిత్తము. తప్పును తగ్గించుట వేఱు, తప్పును కడుగుకొనుట వేఱు. ప్రాయశ్చిత్తమునకు దానమొక్కటియే చాలదు. తప్పును తప్పని ఒప్పుకొనవలెను, మరల చేయకుండుటకు పూనుకొనవలెను. ఈ రెండును లేని దానము వ్యాపారమే యగును. బూడిదను గోడలో కలుపుట తప్పును తగ్గించుట; అది ఉచితము, కర్తవ్యము. దానినే కడుగుకొనుటగా చాటుకొనుట మాత్రము ఆత్మవంచన. 12 కిలోలు ఆపితిమని చెప్పుకొనుటకు మనకు హక్కున్నది. 50 కిలోలను మఱచుటకు హక్కు లేదు.

లెక్కలో చేరని మఱియొక ఋణమున్నది. అది వాయువునకు కాదు, మనుష్యులకు చెల్లింపవలసినది. మన దేశమున ఏటేటా 25 కోట్ల టన్నులకు మించిన బూడిద పుట్టుచున్నది. 1996-97లో దానియందు వాడుకకు వచ్చినది నూటికి 10 పాళ్లకు లోపే. 1999లో కేంద్రప్రభుత్వము బూడిద వాడుకను నిర్బంధించు ప్రకటన చేసినది. 2021 డిసెంబరులో దానిని మరింత కఠినము చేసినది. ఇటీవలి ప్రభుత్వ లెక్కలలో వాడుక నూటికి 90 పాళ్లు దాటినది. ఇది సామాన్యమైన మార్పు కాదు. అయినను పల్లపునేలలు పూడ్చుటయు, పాడుపడిన గనులు నింపుటయు ఆ లెక్కలో 'వాడుక'గనే చేరుచున్నవి. దశాబ్దులుగా నీటితో కలిపి బూడిద చెరువులలో నింపినదియు ఇంకను అట్లే యున్నది.

ఆ చెరువుల గట్లు తెగిన చరిత్ర మనకు దూరముది కాదు. 2020 ఏప్రిలులో మధ్యప్రదేశమునందలి సింగ్రౌలీలో బూడిద చెరువు గట్టు తెగి, పసిబిడ్డలతో సహా మనుష్యులు ఆ బురదలో కొట్టుకొనిపోయి మరణించిరి. 2022 జూలైలో నాగపురము చెంత కోరాడి విద్యుత్కేంద్రపు బూడిద చెరువు తెగి పొలములను, వాగులను ముంచివేసినది. చెన్నపురి ఉత్తరభాగమున ఎన్నూరు కయ్యలో బూడిద గొట్టములు కారి కొసస్థలై నదీముఖము పూడిపోగా, రొయ్యలతో చేపలతో బ్రదికిన జాలరులు వలలు చేతబట్టుకొని ఏండ్లతరబడి మొఱపెట్టుకొనిరి. రాయచూరుకడ కృష్ణాతీరపు శక్తినగరము, మహారాష్ట్రమున చంద్రపురము, ఒడిశాలో తాల్చేరు: తెలుగువారు స్థిరపడిన రాష్ట్రములు నాలుగింటను ఒక్కొక్క బూడిదకొండ కలదు. ఈ సంచిక చదువువారిలో ఆ ధూళిని ఉతికిన బట్టలమీద చూచినవారుందురు.

ఆ దీపముల వెలుగు నగరమునకు వచ్చినది. ఆ బూడిద కయ్యకు పోయినది. వెలుగు అనుభవించినవారొకరు, బూడిద మ్రింగినవారొకరు. దుఃఖమును పంచుకొననివాడు సుఖమును మాత్రము పంచుకొనుట ధర్మము కాదని మన ఇండ్లలో ఉమ్మడి కుటుంబపు పసివానికిని తెలియును. రాష్ట్రములంతటి పెద్ద కుటుంబమునందు ఈ చిన్న నీతిని మఱచుట ఎట్లు?

ఇచ్చట ఒక ఆక్షేపణ వచ్చును. బొగ్గు లేక పేదవాని గుడిసెలో దీపమెట్లు వెలుగును? మన దేశపు విద్యుత్తులో నూటికి 70 పాళ్లు నేటికిని బొగ్గునుండియే వచ్చుచున్నవి. ఈ ఆక్షేపణను తేలికగా త్రోసివేయుట సంపన్నుల అలవాటు, మేమట్లు చేయము. కిరసనాయిలు బుడ్డి ముందు చదువుకొన్న తల్లిదండ్రుల బిడ్డలము మనము. బొగ్గు కాల్చినందుకు ఎవరిని దోషులని వ్రేలు చూపుట మా ఉద్దేశము కాదు. కాని అవసరము తప్పును క్షమింపవచ్చును గాని ఋణమును రద్దు చేయజాలదు. ఆకలికై అప్పు చేసినవాడు నిందార్హుడు కాడు. ఆ అప్పును తీర్చనక్కఱలేదనువాడు నిందార్హుడు. బొగ్గు మనకు వెలుగునిచ్చిన అప్పు. బూడిదను సద్వినియోగము చేయుట ఆ అప్పునకు వడ్డీ కట్టుట వంటిది. వడ్డీ మానినవాడు మోసగాడు. వడ్డీ కట్టుచు అసలు తీరినదనుకొనువాడు అమాయకుడు. అసలు తీరుట బొగ్గును క్రమముగా తగ్గించుకొనుటతోనే.

అసలు తీరుననుటకు గురుతులు లేకపోలేదు. బొగ్గుతో యంత్రయుగమును ప్రారంభించిన బ్రిటను దేశమున చివరి బొగ్గు విద్యుత్కేంద్రము 2024 సెప్టెంబరు 30వ తేదీన మూతపడినది. మఱి బూడిద కొఱవడిననాడు సిమెంటు గతి యేమి? స్విట్జర్లాండు, క్యూబా, భారతదేశముల పరిశోధకులు కలిసి ఒక మార్గము చూపిరి. సామాన్యమైన బంకమట్టిని 800 డిగ్రీల ప్రాంతమున కాల్చి, కాల్చని సున్నపురాతి పొడితో చేర్చి, క్లింకరును సగమువఱకు తగ్గింపవచ్చును. దీనికి 2023లో భారతీయ ప్రమాణము ఏర్పడినది. కాల్చిన మట్టియు సున్నమును అనగా మన తాతల సుర్ఖీ గార గుర్తురాదా? రూపము మారినను సూత్రమదియే. కావున బూడిద లేనిదే పచ్చని కట్టడము లేదను వాదము నిలువదు. బూడిద కొరకు బొగ్గు మండింపనక్కఱయు లేదు. పాత చెరువులలోని బూడిదను త్రవ్వి, శుద్ధిచేసి వాడుకొన్నచో రెండవవాది భయము తీరును, మొదటివాది కోరికయు నెరవేరును.

ఇక మన కుటుంబముల కర్తవ్యమును గూర్చి రెండు మాటలు. తెలుగువానికి కట్టడపు పనితో గల సంబంధము గొప్పది. పాలమూరి కూలీలు దేశమునందు ఎన్ని ఆనకట్టలకు మట్టి మోసిరో, ఎన్ని బాటలకు రాళ్లు కొట్టిరో చెప్పనలవి కాదు. పరరాష్ట్రమున స్థిరపడిన మనమును ఇల్లు కట్టుటను కేవలము సౌకర్యముగా చూడలేదు. ఈ నేలమీద మేమును నిలిచితిమనుటకు ఇంటి గోడ మనకు సాక్ష్యము. చందాలెత్తి కట్టుకొన్న సంఘ భవనము, కల్యాణమండపము, బడి మన భాషకు నీడలు. అట్టి నీడ మరొకరి ఏటిని పూడ్చి రాకూడదు.

కావున కట్టించువారు మేస్త్రీతో బేరమాడునపుడు సంచిమీది అక్షరములను చదువవలెను. తగినచోట బూడిద సిమెంటును, బూడిద ఇటుకలను కోరవలెను. 10 దినములు తడుపుటకు కూలి మిగుల్చుకొనరాదు. అక్కఱకు మించిన గదులు కట్టకుండుట అన్నిటికంటె మేలైన పొదుపు; కట్టని గోడకు సిమెంటు పట్టదు, బూడిదయు పట్టదు. ఇంటిలో వృథాగా వెలుగు దీపము ఎచ్చటనో ఒక చెరువులో పిడికెడు బూడిద చేర్చుచున్నదని పిల్లలకు చెప్పవలెను. ఎన్నూరు జాలరియో, కోరాడి రైతో న్యాయము కోరినపుడు అది తమిళుని గొడవ, మరాఠీవాని గొడవ యని తలుపు వేసికొనరాదు. వారు మన ఇరుగుపొరుగు. వారి ఏటి ఒడ్డుననే మనము తరతరములుగా అన్నము తినుచున్నాము.

గృహప్రవేశమునాడు మనము వాకిట బూడిదగుమ్మడికాయ కట్టుదుము. దృష్టిదోషము పోవుటకని పెద్దలందురు. ఇకమీదట దానిని చూచునపుడు ఆ పేరులోని బూడిదను కూడ తలచుకొందము. మన గోడలో దాగిన బూడిదకు ఒక నిప్పున్నది. ఆ నిప్పునకు ఒక ఊరున్నది. ఆ ఊరికి మనము అప్పుపడియున్నాము. అప్పు తీర్చుట ఒక్క తరమున ముగియకపోవచ్చును. బిడ్డలకు ఆస్తితోపాటు అప్పు లెక్కను కూడ దాచకుండ అప్పగించు గృహస్థుడే పెద్దమనిషి యని మన వాడుక. ఆ పెద్దఱికము మన ఇండ్లకు కలుగుగాక.